ముంగటి మూత

2025 ఆగస్టు 4, సోమవారం

ఇయ్యాల షెడ్డుకు ఒక ఎర్ర బండి వచ్చింది. వచ్చింది అనొద్దు, లారీ మీద మోసుకొచ్చిన్రు. రెండు డోర్లు, నేలకు ఆనిన కడుపు, జర్మనీ స్పోర్ట్స్ కార్. దించుతుంటే ఎదురుంగ చాయ్ హోటల్ మొత్తం ఖాళీ అయ్యి నా షెడ్డు ముంగట నిలబడ్డది. జనగామల గసొంటి బండి ఎవలు సూసిన్రు!

ఓనర్ సోమేశ్వర్ సేఠు. పత్తి, మిర్చి హోల్‌సేల్. ఆయన లారీలన్ని మా కాడికే వస్తయ్ గని డ్రైవర్లే తెస్తరు, సేఠు ఎన్నడు గడప తొక్కలె. రాంగనే క్రాంతిని పిలువుమన్నడు. నేనే అన్న. మొగపిల్లగాడు అనుకున్నడట. నా మొకం సూసిండు, గ్రీజు చేతులు సూసిండు, బండిని సూసిండు, మళ్ల బాపు దిక్కు సూసిండు. నాకు లోపట భగ్గుమన్నది. హైదరాబాద్ల ఏండ్లకొద్ది గీ బండ్లనే ఇప్పి బిగించిన అని మొకం మీదనే చెప్పిన. కుర్చీలకెళ్లి బాపు తలూపిండు. బాపు ట్రాక్టర్ పెంటయ్య అంటే అందరికి ఎరుకే. మోకాళ్లు పోయినంక పని బందయింది, సలహాలు బంద్ కాలె.

బండికి ఏమైంది అంటే, నడుస్తా నడుస్తా ఇంజన్ బంద్ అయితది. పొగ లేదు, సప్పుడు లేదు, జర్క్ లేదు. కరెంటు పోయినట్టే. స్టీరింగ్ బండరాయి అయితది. కొంచెం సేపు ఆగి బటన్ వత్తితె ఏం ఎరుగనట్టు మళ్ల స్టార్ట్. నడిపేది సేఠు కొడుకు ధీరజ్. మోజుపడి సెకండ్ హ్యాండ్ల కొన్నడు. భూపాలపల్లిల స్టీల్ దుకాణం పెట్టిండు, వారం వారం గా తొవ్వలనే పోవాలె. బొగ్గు టిప్పర్ల తొవ్వ. ఎన్కాల టిప్పర్ ఉన్నప్పుడు ఇంజన్ బంద్ అయితే సంగతేందని సేఠు అడిగిండు. చూస్తా అన్న.

ఎన్కాల మూత లేపితే చాయ్ హోటలోళ్లంత నోరు తెరిచిన్రు. ఇంజన్ ఎన్కాల ఉంటదని ఎవలకూ తెల్వదు. ముంగటంత ఉత్త డిక్కీ, దాని కింద పెట్రోల్ ట్యాంకు, బ్యాటరీ. ఒకాయన ముంగటికి ఒకసారి, ఎన్కకు ఒకసారి ఉరికి సూసిండు. నవ్వాపుకోలేక సచ్చిన.

ఆగస్టు 5

స్కానర్ పెట్టిన. అదో కోడ్ ఇదో కోడ్. ఒకదానికొకటి సంబంధం లేదు. అన్ని పాతయే, ఇప్పుడు ఏ లోపం లేదంటది మిషిన్. లోపం లేకుంటే లారీ మీద ఎందుకొచ్చింది మల్ల?

పెట్రోల్ల కల్తీ అన్నడు బాపు. ట్రాక్టర్ ఆగినా కల్తే, మోటర్ సైకిల్ ఆగినా కల్తే, మొన్న మిక్సీ ఆగితే సుత కల్తీ అనేటట్టు ఉండె.

ఆగస్టు 6

పాలకుర్తి దాన్క పోయి వచ్చిన. ఆగలె. ఏసీ ఫుల్లు పెట్టిన, ఆగలె. గుంతలల్ల ఎత్తేసిన, ఆగలె. దవాఖాన మెట్లెక్కంగనే జ్వరం దిగినట్టు, నా చేతులకు రాంగనే మంచిగైతది గీ బండి.

ఆగస్టు 8, శుక్రవారం

ఇంజన్ తిరుగుడు కొలిచే క్రాంక్ సెన్సర్ మార్చిన. సగం బండ్లల్ల గిదే జబ్బు. వేడెక్కితే చేతులెత్తేస్తది, సల్లబడితే లేస్తది. లెక్క సరిగ్గ కలుస్తున్నది. ఇంజన్ ఎన్కాల, కింద, చెయ్యి పోని సందుల ఉంటది. మోచెయ్యి దాన్క తోలు లేసింది. అయినా సంబురమే ఉన్నది.

ఆగస్టు 11

ధీరజ్ వచ్చి బండి తీస్కపోయిండు. మంచి పిల్లగాడే, అక్కా అక్కా అని మాట్లాడతడు. పెండ్లయి ఏడాది కాలె. భార్య సుష్మిత కడుపుతోని ఉంది, మానుకోటల తల్లిగారింటికాడ ఉంటది. భూపాలపల్లి కాకుంటే మానుకోట, అటు కాకుంటే ఇటు, దినాం రోడ్డు మీదనే ఉంటడు.

పోయినంక వాళ్లమ్మ ఫోన్ చేసింది. కౌసల్యమ్మ. కొడుకు బండి ఎక్కినంక ఇంటికి ఫోన్ చేసేదాన్క ముద్ద మింగదట. బండి ఆగినప్పుడల్లా కొబ్బరికాయ కొడుతున్న, దిష్టి తీస్తున్న, అయినా ఆగుతనే ఉందని ఏడ్సింది. ఒక్క మాట చెప్పు బిడ్డా, ఇగ ఆగుతదా ఆగదా అని అడిగింది. ఇగ ఆగదమ్మా, నాది గ్యారంటీ అన్న. మెకానిక్‌కు గ్యారంటీ అనే మాట ఎంత కొలిచి వాడాల్నో నాకు ఎరుకే. అయినా అన్న. ఆమె అట్ల ఏడుస్తుంటే ఏమనాలె?

ఆగస్టు 25, సోమవారం

ఆగింది.

పెద్దవంగర దగ్గర. మానుకోటకు పోతుంటే. ఎన్కాల ఆర్టీసీ బస్సోడు బ్రేకులు కొట్టి, దిగి, ధీరజ్‌ను బండబూతులు తిట్టిండట.

ఆగస్టు 26

నా నోట్ల మన్ను పడ. గ్యారంటీ అన్న నోరు గిదే కదా.

బండి మళ్ల షెడ్డులకు వచ్చింది. సేఠు ఇంటికాడికెళ్లి వచ్చే బండి ఎప్పుడు వచ్చినా కడిగి తుడిచి మెరుస్తా వస్తది, లోపట అగరొత్తుల వాసన. మైల ఉన్న బండిని పరాయోళ్ల ఇంటికి పంపొద్దని కౌసల్యమ్మ నియమమట. నాకు మైల బండే కావాలె! దుమ్ము, నూనె మరక, నీళ్ల చార, గవి సూసే కదా మేము జబ్బు పట్టేది. అన్ని కడిగి పంపితే నేనేం సూడాలె?

పెట్రోల్ పంప్ మీదికి అనుమానం పోయింది. ముంగటి మూత లేపి ప్రెషర్ చెక్ చేసిన. మంచిగుంది. బ్యాటరీ మంచిగుంది. డిక్కీ అంచుల రెండు బియ్యం గింజలు కనిపిస్తే ఊదేసిన. పంప్‌కు కరెంటిచ్చే రిలే మార్చిన, రిలే సుత మంచిదే కావచ్చు గని మార్చిన. మళ్ల ఎన్కకు పోయి ఇంజన్ వైరింగ్ మొత్తం ముట్టుకుంట సూసిన.

రేపు చవితి. బజార్ల డీజేల మోత. దిమాక్ పని చెయ్యలే.

ఆగస్టు 30

బాపును పక్క సీట్ల కూసోబెట్టుకొని మానుకోట దాటి బయ్యారం దాన్క పోయిన. ఆ సీట్లకెళ్లి బాపును లేపుడుకు ఇద్దరు మనుషులు పట్టిన్రు. బండి మాత్రం ఆగలె. తొవ్వ పొంటి బాపు ఒక్కటే ముచ్చట, గింత కిందికి కూసుంటే గొర్రెలు సుత మనకంటె ఎత్తుగ కనిపిస్తున్నయని.

సెప్టెంబర్ 2

ధీరజ్ తీస్కపోయిండు. గ్యారంటీ అనలె ఈసారి. చూద్దాం అన్న. కౌసల్యమ్మ ఫోన్ చేస్తే ఎత్తలె. ఎత్తి ఏం చెప్పాలె?

సెప్టెంబర్ 9

ఆగలేదట.

సెప్టెంబర్ 16

ఆగలేదట. రిలేనే అయ్యుంటది. ఇయ్యాల సల్లగ నిద్ర పడుతది.

సెప్టెంబర్ 23, మంగళవారం

మొన్న ఎంగిలిపూల బతుకమ్మ నాడు కౌసల్యమ్మ వాయినం పంపింది. సత్తుపిండి, నువ్వుల ముద్దలు. బండి మంచిగైందని సంబురపడి పంపింది. పెత్తర అమాస కదా, బండ్లన్నిటికి పూజ చేసిన, ఎర్ర బండికి నా చేతులతోనే చేసిన అని చెప్పి పంపింది.

ఇయ్యాల పొద్దున ఆగింది. పరకాల దాటినంక. మిగిలిన సత్తుపిండి ముట్టబుద్ధి కాలె.

సెప్టెంబర్ 24

సేఠు షెడ్డుకు వచ్చి చాయ్ హోటల్ మొత్తం ఇనేటట్టు మాట్లాడిండు. ఆడపిల్లవని ఊకున్న, నీతోని కాకుంటే కాదని మొదలే చెప్పేది ఉండె అన్నడు. ఆడపిల్లకు, ఇంజన్ ఆగుడుకు ఏం సంబంధమో అడిగిన. గట్టిగనే అడిగిన. బాపు కండ్లతోని వద్దన్నడు. నేను ఊకోలె. అయితే తీస్కపోండ్రి, హైదరాబాద్ల నేను పనిచేసిన పెద్ద వర్క్‌షాప్ ఉంది, మీ మొగోళ్లే ఉన్నరు ఆడ, సూపియ్యిన్రి అన్న.

తీస్కపోయిన్రు. పీడ పోయింది అనుకున్న. పోలె పీడ. అన్నం తింటుంటే వైరింగ్, పండుకుంటే వైరింగ్. ఏ వైరు, యాడ, ఎందుకు? ఎండకు కాదు. వానకు కాదు. గుంతకు కాదు. స్పీడుకు కాదు. కొన్నొద్దులు మంచిగుంటది, మళ్ల ఒక్క సారి పిచ్చి లేస్తది. అమాస పున్నానికి ఆగుతదేమో అని బాపు నవ్విండు. నాకు నవ్వు రాలె.

అక్టోబర్ 13

హైదరాబాద్‌కెళ్లి ఎర్ర బండి సేఠు ఇంటికి వాపస్ వచ్చిందట. నో ఫాల్ట్ ఫౌండ్, ఏ లోపం దొరకలె అని ఇంగ్లీషుల రాసి పంపిన్రు. నేను సిగ్గుపడాల్నా సంబురపడాల్నా తెల్వలె. కొంచెం సంబురపడ్డ, అబద్ధమెందుకు.

ధీరజ్ ఫోన్ చేసిండు. అక్కా, నువ్వే మళ్లొకసారి సూడు, దీపావళి అయినంక తెస్త అన్నడు. ఇప్పుడే తే, అప్పటిదాన్క నడపకు అన్న. దుకాణంల దీపావళి గిరాకి ఉంటది, ఎట్ల కుదురుతదని నవ్విండు.

అక్టోబర్ 22, బుధవారం

ధీరజ్‌కు యాక్సిడెంట్ అయింది.

భూపాలపల్లి తొవ్వల, చెల్పూరు దాటినంక ఇంజన్ బంద్ అయింది. పక్కకు తీసేలోపట ఎన్కాలొచ్చిన టిప్పర్ కుడి దిక్కు డోరును గీక్కుంట పోయింది. బండి తిరిగి కాలువ గట్టును గుద్దింది. కుడి చెయ్యి రెండు చోట్ల ఇరిగింది. పానానికి ఏం కాలె. హనుమకొండ దవాఖానల ఉన్నడు.

సేఠు ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నడు. నా కొడుకు సచ్చిపోయేటోడు అన్నడు. పెట్టేసిండు.

ఆగస్టుల గ్యారంటీ అన్న మాట చెవులల్ల మోగుతనే ఉన్నది. నేను పట్టలేకపోయిన. ఒక్క వైరు పట్టలేకపోయిన.

అక్టోబర్ 23

బండిని క్రేన్ల తెచ్చి మా షెడ్డులనే పడేసిన్రు. ఇంకేడికి పోతది? ఇన్సూరెన్సోళ్లు ఫోటోలు తీస్కొని పోయిన్రు. సూడబుద్ధి కాక టార్పాలిన్ కప్పిన. పొద్దుగూకేదాన్క దాని దిక్కు ఈపు పెట్టి కూసున్న.

అక్టోబర్ 24, శుక్రవారం

దొరికింది.

దొరికింది దొరికింది దొరికింది.

పొద్దుగాల టార్పాలిన్ గుంజేసి షురూ చేసిన. డోరు పోయింది గని ఇంజన్‌కు ఏం కాలె. స్టార్ట్ చేస్తే గుర్రుమన్నది, దాని అహంకారం తగ్గలె. ముంగటి మూత ఒంగి ఇరుక్కపోయి ఉంటే రాడ్ పెట్టి లేపిన. గుద్దుడుకు లోపటి నల్ల ప్లాస్టిక్ కవర్ పగిలింది. నేను ఎన్నడు ఇప్పని కవర్ గదొక్కటే. ఎందుకు ఇప్పుత? ఇంజన్ ఎన్కాల ఉంటే ముంగటి కవర్ కింద నాకేం పని?

ముక్కలు ఏరుతుంటే వాసన వచ్చింది. పులిసిన వాసన. కింద పరిచిన స్పాంజి తడిగ ఉంది. వాన లేదు, ఏం లేదు, తడి ఎక్కడిది? స్పాంజి ఎత్తితే దాని కింద బియ్యం గింజలు. పసుపు కలిపినయి, అక్షింతలు. ముద్దగట్టిన కుంకుమ. కొబ్బరి పీచు. గోరంత చిప్ప ముక్క. ఆ మడుగుల్నే పెట్రోల్ పంప్ ఎర్త్ వైరు బోల్టు. పచ్చగ, తెల్లగ, పసుపుగ బూజు పట్టినట్టు తుప్పు. ఎర్త్ తెగితే పంప్ ఆగుతది, పంప్ ఆగితే ఇంజన్ ఆగుతది, గంతే కథ.

ఇంజన్ ఆన్‌ల పెట్టి ఆ వైరును చిటికెన ఏలుతోని కదిలిచ్చిన. బంద్ అయింది. ఒదిలిన, బటన్ వత్తిన, స్టార్ట్ అయింది. మళ్ల కదిలిచ్చిన. బంద్. పిచ్చిదాని లెక్క మళ్ల మళ్ల చేసిన. బాపు కర్ర పట్టుకొని లేచొచ్చిండు. సూసిండు. చిప్ప ముక్క చేతుల పట్టుకొని వాసన సూసిండు.

కొబ్బరి నీళ్లు.

సేఠు ఇంట్ల ప్రతి అమాసకు లారీలన్నిటికి పూజ. బానెట్ లేపి ఇంజన్‌కు పసుపు కుంకుమ పెట్టి, కాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజన్ మీద చల్లుడు. మా బాపు సుత రిపేర్ చేసిన ప్రతి ట్రాక్టర్‌కు చేసిండు. ట్రాక్టర్ ఇంజన్ అంటే ఇనుప ముద్ద, నీళ్లు వడితే ఆవిరై పోతయ్, ఏమైతది? కౌసల్యమ్మ ఎర్ర బండికి సుత ముంగటి మూతనే లేపింది. ముంగట మూత ఉంటే దాని కింద ఇంజనే ఉంటది కదా ఎవలకైనా. నల్ల కవర్ కనిపిస్తే గదే ఇంజన్ అనుకున్నది. భక్తితోని నిండుగ పోసింది. నీళ్లు సందుల్నుంచి లోపటికి దిగినయ్. తడికి తుప్పు లేసి ఒకటి రెండొద్దులకు బండి ఆగుడు, ఆరినంక మళ్ల మంచిగుండుడు. ఆగింది కాబట్టి ఇంకో కాయ. కాయ కొట్టింది కాబట్టి మళ్ల ఆగుడు. నా కాడికి పంపేముందు మంచిగ కడిగి, తుడిచి, అగరొత్తు పెట్టి పంపుడు!

ఆమె ఇంజన్ ముంగట ఉందనుకొని తప్పుచేసింది. నేను ఇంజన్ ఎన్కాల ఉందని తెలిసి తప్పుచేసిన. గా బియ్యం గింజలు ఊదేసినప్పుడు ఒక్క సారి ఎందుకు అని అడుక్కున్నా సరిపోయేది. కాయ కొడుతున్న అని ఆమె మొదటి ఫోన్లనే చెప్పింది. యాడ కొడుతున్నవమ్మా అని అడగలె నేను. ముసలామె ముచ్చట అనుకొని ఇడిసిపెట్టిన.

ఇగ సేఠు మొకం సూడాలె నేను. రేపే పోత. బోల్టు సంచిల ఏసుకున్న. ఆడపిల్ల అన్నడు కదా. చాయ్ హోటల్ మొత్తం ఇనేటట్టు అన్నడు కదా. మీ ఇంట్లోళ్లే చేసిన్రు అని చెప్త. నడిబజార్ల చెప్త.

అక్టోబర్ 25, శనివారం

చెప్పలె.

ఎట్లయిందో రాస్త. బోల్టు గుప్పిట్ల పట్టుకొని పోయిన. తొవ్వ పొంటి మాటలు కలుపుకుంట, ఏది ముందు అనాల్నో ఏది తర్వాత అనాల్నో సూసుకుంట పోయిన. దవాఖానకెళ్లి నిన్ననే ఇంటికి తెచ్చిన్రట. కుడి చెయ్యి మొత్తం పిండి కట్టు. కౌసల్యమ్మ మంచం అంచుకు కూసొని పెరుగన్నం కలిపి కొడుక్కు ముద్దలు పెడుతున్నది. పెద్ద మీసాలోడు నోరు తెరుసుడు, ఆమె పెట్టుడు. నన్ను సూసి లేవబోయింది, లేవొద్దన్న.

కూసోబెట్టి ఆమెనే మాట్లాడింది. దీపావళి అమాస నాడు తెల్లారకముందే తానం చేసి ఎర్ర బండికి కాయ కొట్టిందట. ఈసారి ఒకటి కాదు, సుష్మిత పేరు మీద, పుట్టబోయే బిడ్డ పేరు మీద సుత కొట్టిందట. ఇంజన్‌ను కొబ్బరి నీళ్లతోని కడిగిన బిడ్డా అన్నది. గంత పెద్ద టిప్పర్ గుద్దితే ఉత్త చెయ్యి మీదికెళ్లి పోయిందంటే గా కాయలే కాపాడినయ్ నా కొడుకును అన్నది. నా రెండు చేతులు పట్టుకున్నది. నా గుప్పిట్ల బోల్టు ఉంది. ఆమె వేళ్లు బోల్టు మీదనే ఉన్నయ్. ఏందది అని అడగలె.

అప్పుడే సేఠు లోపలికొచ్చిండు. నన్ను సూసి మొకం ఎర్రగ చేసిండు. లోపం దొరికిందా అన్నడు.

దొరికింది అన్న.

ఏంది అన్నడు.

నా గొంతుల గా మాట రడీగ ఉంది. నడిబజార్ల చెప్దామనుకున్న మాట. కౌసల్యమ్మ నన్నే సూస్తున్నది. ముద్ద ఇంక ఆమె చేతుల్నే ఉంది.

ఒక ఎర్త్ వైరు సేఠు, నేను సూడాల్సింది, సూడలె, నా తప్పు అన్న.

సగం నిజమే కదా అది. మిగిలిన సగం సంచిల ఏసుకొని లేచిన. సేఠు తిట్టిన తిట్లు రాయ. తల వంచుకొని తిట్లు పడ్డ. నేను! తల వంచుకున్న!

గేటు దాన్క కౌసల్యమ్మ వచ్చింది. మళ్ల నీళ్లు పొయ్యకుండ చెయ్యాలె కదా, లేకుంటే నా అబద్ధం ఆ పిల్లగాన్ని చంపుతది. అమ్మా, ఆ బండికి ఇంజన్ ఎన్కాల ఉంటది, పూజ చేస్తే ఎన్కాల బొట్టు పెట్టి పువ్వు పెట్టున్రి, కాయ మాత్రం గేటు కాడ కొట్టున్రి, ముంగటి మూత మాత్రం ఎన్నడు లేపొద్దు అన్న. మామూలు ముచ్చట లెక్కనే అన్న. ఎన్కాల ఉంటదా అన్నది. ఉంటదమ్మా అన్న. మంచిది బిడ్డా అన్నది. నేను నా బండి స్టార్ట్ చేసి మలుపు తిరిగేదాన్క గేటు కాడనే నిలబడి ఉన్నది.

ఇంటికొచ్చి బాపుకు చెప్తే కర్ర నేలకేసి కొట్టిండు. షెడ్డు పేరు బొందల పెట్టినవ్ అన్నడు. అవును, పెట్టిన. నాకేం పిచ్చి లేసిందో నాకే తెల్వదు.

అక్టోబర్ 31

సేఠు లారీలు ఇగ రావట. డ్రైవర్ కిష్టయ్య వచ్చి చెప్పి పోయిండు, మొకం సిన్నగ చేసుకొని. మార్కెట్ మొత్తం ఒకటే ముచ్చట, పెంటయ్య బిడ్డ చేతుల పడి సేఠు కొడుకు సావుదాన్క పోయి వచ్చిండని. చాయ్ హోటలోడు ఇయ్యాల చాయ్ గిలాస నా ముంగట పెట్టి అటు తిరిగిండు.

బోల్టు టూల్ బాక్స్‌ల ఉంది. చాయ్ హోటల్ బల్ల మీద పెట్టి చెప్తే అయిపోతది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు తీసిన్నో, ఎన్నిసార్లు పెట్టిన్నో.

నవంబర్ 4

ఎర్త్ పాయింట్ మొత్తం గీకి, కొత్త వైరు ఏసి, గ్రీజు పూసిన. ఒంగిన ముంగటి మూత సాపు చేసిన. డోరుకు హైదరాబాద్‌ల ఆర్డర్ ఇచ్చిన. రాంగనే బిగించి ఇస్త, సేఠు తిట్టినా ఇస్త. డోరు లేకుండనే సందుల తిప్పిన. అందరు సూసి నవ్విన్రు. నవ్వున్రి.

నవంబర్ 9, ఆదివారం

కౌసల్యమ్మ ఫోన్ చేసింది. ఈసారి ఎత్తిన.

ధీరజ్ చెయ్యి మంచిగైతుందన్నది. సుష్మితకు నెలలు నిండుతున్నయన్నది. ఆ ముచ్చట ఈ ముచ్చట అయినంక, ముంగటి మూత కింద ఏముంటదని అడిగింది. బ్యాటరీ ఉంటదమ్మా, పెట్రోల్ ట్యాంకు ఉంటది అన్న. వైర్లు ఉంటయా అన్నది. ఉంటయ్ అన్న. ఆ వైర్లకు నీళ్లు తగిలితే ఏమైతదని అడిగింది.

ఏం కాదమ్మా, వానల తిరిగే బండే కదా అన్న.

వాన నీళ్లు వేరు కదా బిడ్డా అన్నది.

నా తప్పేనమ్మా, నేను సూడలె అని మళ్ల గదే పాట పాడిన. ఇన్నది. పెట్టేసింది. ఎవల మీద కోపానికి రావాల్నో తెల్వక టైర్‌ను తన్నిన. కాలి ఏలు వాసింది.

నవంబర్ 15

డోరు వచ్చింది. రంగు కొంచెం తేడా. బిగించిన. పెద్దవంగర, మానుకోట, మళ్ల వాపస్. చెల్పూరు దాన్క సుత పోయిన. ఆగలె. ఆగదు. ఈసారి నాకు తెలుసు ఆగదని. చెప్పేటందుకు ఎవలు లేరు, బండి తీస్కపోయేటందుకు సుత ఎవలు రాలె.

నవంబర్ 20, గురువారం, అమాస

కౌసల్యమ్మ ఆటోల వచ్చింది. ఒక్కతే. బాపుకు దండం పెట్టింది.

సంచిలకెళ్లి కొబ్బరికాయ తీసి నా చేతుల పెట్టింది. యాడ కొట్టాల్నో నీకే ఎరుక బిడ్డా, నువ్వే కొట్టు అన్నది.

గేటు బయట రాయి మీద కొట్టిన. నీళ్లు మట్టిల ఇంకినయ్. చిప్పలు తీస్కొని లోపలికొస్తే ఆమె ఎర్ర బండి కాడ వంగి ఉంది. చీర కొంగుతోని ముంగటి మూత తుడుస్తున్నది. నేను చూస్తున్న సంగతి సుత సోయి లేదు. తుడుస్తనే ఉన్నది.

మూత పొడిగనే ఉంది.